రొయ్య కోసం అడిగే ప్రశ్న

నవంబరు వానల్లో, రొయ్యల చెరువులకు పరీక్షలు చేసే మా ల్యాబుకు తెల్లవారకముందే ఫోన్లు మొదలవుతాయి. నెల్లూరు జిల్లాకు అసలు వాన ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. ఒక్క రాత్రి వానకే చెరువులో ఉప్పదనం పడిపోతుంది, నీరు చల్లబడుతుంది, రొయ్య నీరసిస్తుంది. జబ్బులు కాచుకుని ఉండేది ఆ సమయం కోసమే. రెండేళ్ళ క్రితం అలాంటి ఒక ఉదయం ఇందుకూరుపేట మండలానికి చెందిన ఒక రైతు, తడిసిన లుంగీతో, ప్లాస్టిక్ సంచిలో పది రొయ్యలతో మా గుమ్మంలో నిలబడ్డాడు. మేత ముట్టడం లేదని, గట్టు వెంబడి నీరసంగా తేలుతున్నాయని చెప్పాడు. ఒక రొయ్య తలపెంకు ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాను. తెల్లటి చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. పీసీఆర్ పరీక్ష పెట్టాక మిగిలిన సందేహం కూడా తీరిపోయింది. వైట్ స్పాట్, అంటే తెల్లమచ్చ జబ్బు.

"అన్నా, ఇది వైరస్. ఎవరు ఏ యాంటీబయాటిక్ తెచ్చి చూపినా కొనవద్దు" అన్నాను. నిజానికి ఆయనకు ఆ మాట చెప్పాల్సిన పనిలేదు. ఇరవై ఏళ్ళుగా గుంటలు చేస్తున్న మనిషి. "తెలుసు సార్. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?" అన్నాడు. ఇప్పటికిప్పుడు పట్టుబడి చేస్తే, అంటే రొయ్యలన్నీ పట్టి అమ్మేస్తే, ఎంత వస్తుంది, ఆగితే ఎంత పోతుంది అని ఇద్దరం లెక్క చూసుకున్నాం. వెళ్ళబోతూ పరీక్ష డబ్బుల కోసం జేబులో చెయ్యి పెడితే, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు మాత్రల షీటు బయటికొచ్చి బల్ల మీద పడింది. "మా కోడలికి నిన్నటి నుంచి జలుబు, గొంతు గరగర. దారిలో మందుల షాపులో తీసుకున్నాను" అన్నాడు.

నేనేమీ మాట్లాడలేదు. ఆ షీటును తీసి ఆయన చేతికిచ్చాను. రెండు నెలలు తిరగకుండానే, అవే మాత్రలను మా అమ్మ కోసం నేనే కొన్నాను.

నేను వైద్యుణ్ణి కాను. పద్నాలుగేళ్ళుగా మైపాడు రోడ్డు మీద ఒక చిన్న ఆక్వా ల్యాబు నడుపుతున్నాను. నీళ్ళు, మట్టి, రొయ్యలు పరీక్షించడం నా పని. 2020లో పీసీఆర్ అనే మాట దేశమంతా కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు, మా తీరప్రాంత రైతులకు అది పాత మాట. హేచరీ నుంచి రొయ్యపిల్లను తెచ్చేముందు పీసీఆర్ రిపోర్టు అడగడం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు ఊరికే రాలేదు. 1994-95లో తెల్లమచ్చ మొదటిసారి మన తీరాన్ని తాకినప్పుడు అదేమిటో ఎవరికీ తెలియదు. టైగర్ రొయ్య బంగారంలా అమ్ముడవుతున్న రోజులవి. చుక్కలు కనబడ్డ మూడు రోజుల నుంచి పది రోజుల లోపే చెరువు ఖాళీ అయ్యేది. దొరికిన మందునల్లా నీళ్ళలో కలిపారని మా నాయన చెప్పేవాడు. అందులో ఒక్కటీ పనిచేయలేదు. చివరికి అక్కరకు వచ్చినవి మందులే కావు. పరీక్ష చేసిన తల్లి రొయ్య, వైరస్ లేని పిల్ల, బ్లీచింగ్‌తో శుద్ధి చేసిన నీరు, పీతలు చొరబడకుండా చుట్టూ వల, పక్షులు వాలకుండా పైన తాళ్ళు. అన్నీ నివారణ పనులే.

ఆ తర్వాత కొనేవాళ్ళు మరో పాఠం నేర్పారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికిన సరుకు ఓడరేవుల నుంచి వెనక్కి రావడం మొదలైంది. 2016లో యూరోపియన్ యూనియన్, మన దేశపు చెరువు రొయ్యల సరుకులో పరీక్షకు తీసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పట్టుబడికి ముందే నమూనా పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. ఈ జిల్లాలో చెరువు చేసే వాళ్ళలో చదువు లేనివారు కూడా "ఇది వైరసా, విబ్రియోనా?" అని అడిగాకే చెయ్యి కదుపుతారు. విబ్రియో అంటే చెరువులో ఉండే బాక్టీరియా. నా బాధంతా ఇదే. ఆ ప్రశ్న చెరువు గట్టు దగ్గరే ఆగిపోతోంది, ఇంటి గడప దాటి లోపలికి రావడం లేదు.

ప్రశ్న అంత ముఖ్యం ఎందుకైందో ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. పెన్సిలిన్ జాతి మందులు, బాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టనివ్వవు. అజిత్రోమైసిన్, బాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముకు అడ్డుపడుతుంది. వైరస్‌కు ఆ గోడ లేదు, సొంత రైబోజోమూ లేదు. మన కణంలోకి దూరి మన సరంజామాతోనే తన పని చేయించుకుంటుంది. కాబట్టి ఆ మందుకు పట్టుకోవడానికి అక్కడ ఏమీ దొరకదు. జలుబు తెచ్చే రైనోవైరస్‌లలోనే 160 దాకా రకాలున్నాయి. ఫ్లూ, పిల్లల ఊపిరితిత్తులకు ఎక్కువగా సోకే ఆర్‌ఎస్‌వీ, కరోనా జాతులు వేరు. వీటిలో ఒక్కదాని మీద కూడా ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. కోవిడ్ కాలంలో ఇంటింటా అజిత్రోమైసిన్ మింగిన సంగతి మనందరికీ గుర్తుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పరిశోధనలో, ఆసుపత్రుల్లో చేరిన 7,700 మందికి పైగా కోవిడ్ రోగులను పరిశీలించారు. ఆ మందు ప్రాణం నిలపడంలో గానీ, త్వరగా ఇంటికి పంపడంలో గానీ తోడ్పడలేదని 2021లో తేల్చారు.

ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా తప్పు చేశాను.

ఆ సంక్రాంతికి ఇల్లంతా పిల్లలు. వాళ్ళ ముక్కుల నుంచి జలుబు అమ్మకు అంటుకుంది. అమ్మకు డెబ్బై ఒక్క ఏళ్ళు. రెండోరోజు ఒళ్ళు వెచ్చబడి, గొంతు నొప్పి, ముక్కు కారడం. పండగ పూట డాక్టర్లు ఎవరుంటారని, వీధి చివరి మందుల షాపుకు వెళ్ళి మూడు రోజుల అజిత్రోమైసిన్ తెచ్చాను. వేసుకుంది. ఆరోరోజుకు తేరుకుని, చారన్నం తిని, ముగ్గు కూడా వేసింది. "మందు బాగా పట్టింది నాయనా" అంది. నేనూ అదే నమ్మాను.

ఎనిమిదోరోజు రాత్రి ఒణుకుతూ జ్వరం వచ్చింది. దగ్గినప్పుడు కుడి డొక్కలో పోటు అంది. మళ్ళీ అదే షాపుకు వెళ్ళాను. మొన్న చిన్న మందు సరిపోయింది, ఈసారి కొంచెం పెద్దది వేద్దామని ఆ షాపతను సెఫిక్సిమ్ అనే మరో యాంటీబయాటిక్ ఇచ్చాడు. అది హెచ్1 షెడ్యూలులో ఉన్న మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డాక్టరు చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ అడగలేదు, రిజిస్టరు తీయలేదు. అడగలేదేమని నేనూ అనుకోలేదు. పదోరోజు ఉదయం మంచం దగ్గరికి కాఫీ తీసుకెళ్తే, అమ్మ నన్ను చూసి, చనిపోయిన మా మామయ్య పేరుతో పిలిచింది. జ్వరం పెద్దగా లేదు. దగ్గు కూడా తగ్గినట్టే ఉంది. మనిషి మాత్రం మన లోకంలో లేదు.

నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నర్సు వేలికి పెట్టిన పరికరంలో ఆక్సిజన్ 88 చూపింది. నిమిషానికి ఊపిరి 34 సార్లు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా గడ్డకట్టినట్టు ఉంది. నిమోనియా. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. కళ్ళెను, రక్తాన్ని కల్చరుకు, అంటే బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పంపారు గానీ, ఏదీ పెరగలేదు. ముందే మింగిన మాత్రల వల్ల అలా జరిగి ఉండవచ్చని చెప్పారు. చూసిన డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. నన్ను పక్కకు పిలిచి, "మొదట వచ్చింది వైరస్. దాని వెనకే వచ్చింది బాక్టీరియా. మీరు మొదటిదానికి మందు వేశారు, రెండోదానికి ఆలస్యం చేశారు" అంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఆమెకు నేను ఋణపడి ఉన్నాను.

ఆ ఎనిమిది రాత్రులు బెంచీ మీద కూర్చుని ఒకే విషయం మళ్ళీ మళ్ళీ ఆలోచించాను. ఆరోరోజున అమ్మకు తగ్గింది మందు వల్ల కాదు. జలుబు ఆరేడు రోజులకు ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. మూడోరోజో నాలుగోరోజో, బాధ ఎక్కువగా ఉన్నప్పుడు మనం మాత్ర వేస్తాం. ఆ తర్వాత తగ్గేది తగ్గుతుంది. పేరు మాత్రకు వస్తుంది. ఆ నమ్మకం వల్లే నేను రెండోసారి ఆసుపత్రికి కాకుండా షాపుకు వెళ్ళాను. అక్కర్లేని చోట వేసిన యాంటీబయాటిక్ చేసే అతిపెద్ద కీడు నా మటుకు ఇదే: అది మనకు తప్పుడు లెక్క నేర్పుతుంది. అసలు ప్రమాదం వచ్చిన రోజున ఆ లెక్కనే నమ్ముకుంటాం.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ముందు అందరూ చెప్పే ఒక గుర్తును పక్కన పెట్టాలి. కళ్ళె పచ్చగా మారితే బాక్టీరియా చేరినట్టేనని మా ఇంట్లో, మా వీధిలో, మా షాపులో అందరి నమ్మకం. నా ల్యాబులో రంగుకు నిజంగానే అర్థం ఉంది. చెరువు నీటిని టీసీబీఎస్ అనే ప్లేటు మీద పూసి ఒక రాత్రి ఉంచితే విబ్రియో చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ ప్లేటులోని చక్కెరను పులియబెట్టే రకాలు పసుపు రంగులో, పులియబెట్టలేనివి ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆకుపచ్చ చుక్కలు ఎక్కువైతే రైతుకు ఫోను చేసి హెచ్చరిస్తాను. అందుకే మనిషి కళ్ళెలో పచ్చదనం కూడా అలాంటిదేననుకుని చాలాకాలం పొరబడ్డాను. అక్కడ ఆ రంగు క్రిమిది కాదు. మనదే. వచ్చిన శత్రువు వైరస్ అయినా బాక్టీరియా అయినా, ఎదుర్కోవడానికి మన తెల్ల రక్తకణాలు పెద్ద ఎత్తున చేరుకుంటాయి. వాటిలోని ఒక ఎంజైము ఆకుపచ్చ రంగులో ఉంటుంది. మామూలు జలుబులో కూడా మూడో నాలుగో రోజుకు చీమిడి చిక్కబడి పచ్చబడడం, మళ్ళీ పలచబడడం సహజం. జ్వరం ఎక్కువైతే బాక్టీరియా అనే మాట కూడా అంతే. ఫ్లూ వైరస్ మొదటి రోజే 103 డిగ్రీలు తేగలదు. మా అమ్మకు, నిమోనియా ముదిరిన రోజున, జ్వరం పెద్దగా లేదు.

రంగు కన్నా కాలం ఎక్కువ చెబుతుంది. వైరస్ జలుబు మొదటి మూడు నాలుగు రోజులు పెరిగి, తర్వాత దిగుతూ వస్తుంది. దిగుతున్న జబ్బు మళ్ళీ ఎక్కితే అప్పుడు ఉలిక్కిపడాలి. తేరుకున్నాక వచ్చే రెండో జ్వరం, మా అమ్మకు ఎనిమిదోరోజు వచ్చినట్టు వచ్చేది, బాక్టీరియా తలుపు తట్టిందని చెప్పే గుర్తుల్లో ముఖ్యమైనది. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో కూడా ఎక్కువమందిని చంపింది వైరస్ వెనక వచ్చిన బాక్టీరియా నిమోనియాయేనని, దాచి ఉంచిన ఊపిరితిత్తుల ముక్కలను పరిశీలించినవాళ్ళు 2008లో రాశారు. ముక్కు పక్క ఎముకల్లో నొప్పి, చీమిడి పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ పెరిగినా సైనస్‌లో బాక్టీరియా చేరిందని డాక్టర్లు అనుమానిస్తారు. దగ్గు విషయంలో మాత్రం మనకు ఓపిక తక్కువ. వారంలో పోవాలనుకుంటాం. జలుబు వెనక మిగిలే దగ్గు సగటున 18 రోజులు ఉంటుందని 2013లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కగట్టారు. ఏడోరోజున "ఇంకా దగ్గు పోలేదు" అని మందు మార్చేవారు, మారుస్తూ మారుస్తూ పద్దెనిమిదోరోజుకు చేరి, చివరి మందుకు దండం పెడతారు.

గొంతు నొప్పి సంగతి కొంచెం వేరు. ఇక్కడ ఒక బాక్టీరియా నిజంగానే పొంచి ఉంటుంది. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ దాని పేరు. పెద్దవాళ్ళ గొంతు నొప్పుల్లో నూటికి ఐదు నుంచి పదిహేను, బడి ఈడు పిల్లల్లో ఇరవై నుంచి ముప్పై దాని వల్ల వస్తాయి. డాక్టర్లు 1981 నుంచి వాడుతున్న ఒక పద్ధతి ఉంది. జ్వరం ఉందా, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పొర ఉందా, మెడ ముందు వైపు బిళ్ళలు కట్టి నొక్కితే నొప్పిగా ఉన్నాయా, దగ్గు లేకుండా ఉందా? నాలుగింటికీ అవునంటే స్ట్రెప్ అయ్యే అవకాశం ఎక్కువ. చివరి ప్రశ్న నాకు బాగా నచ్చింది. దగ్గు, కారే ముక్కు, బొంగురు గొంతు ఉంటే అది చాలావరకు వైరస్సే. మనం సరిగ్గా దానికి తలకిందులుగా, దగ్గు చూసి మందు వేస్తాం. దగ్గు లేకుండా గొంతు నొప్పితో మంచం పట్టిన పిల్లవాడికి ఉప్పునీళ్ళు పుక్కిలించమంటాం. స్ట్రెప్ అని తేలితే ఆ పిల్లవాడికే పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ పది రోజులు కావాలి. ఇవ్వకపోతే కొందరు పిల్లల్లో కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోతాయి. మన దేశంలో ఆ జబ్బు ఇంకా పోలేదు. విశేషమేమిటంటే, ఇన్నేళ్ళ వాడకం తర్వాత కూడా ఈ స్ట్రెప్ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. పాతది, చవకది అని మనం చిన్నచూపు చూసే మందు అక్కడ మొదటి వరస మందు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఊపిరి. దీనికి ల్యాబు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఒళ్ళో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేయకూడదు, పసిపిల్లల ఊపిరి ఒక వరసలో ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఆ సంఖ్యకు చేరినా దాటినా నిమోనియా అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఇదే నేర్పుతారు. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతే, పెదవులు నీలబడితే, బిడ్డ మగతగా ఉంటే ఇక లెక్క కూడా అక్కర్లేదు, బండి ఎక్కాల్సిందే. ముసలివాళ్ళకు జ్వరం, దగ్గు ఎలా ఉన్నా, మాట తడబడడం, ఉన్నట్టుండి మంచానికి అతుక్కుపోవడం, నిమిషానికి 30 దాటిన ఊపిరి ప్రమాదపు గుర్తులు.

ఇక్కడ ఒక చిక్కును దాచకుండా చెప్పాలి. నిమోనియా అంటే బాక్టీరియానే అనుకోవడం కూడా పొరపాటే. ఏడు దేశాల్లో ఐదేళ్ళ లోపు పిల్లల తీవ్ర నిమోనియాను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, సగానికి పైగా కేసుల్లో కారణం వైరస్‌లే. ఆర్‌ఎస్‌వీ ఒక్కటే దాదాపు మూడో వంతు. ఎక్స్‌రే చూసి ఇది ఫలానా అని కచ్చితంగా విడదీయలేరు. అయినా నిమోనియా అనుమానం ఉన్న బిడ్డకు డాక్టరు అమాక్సిసిలిన్ మొదలుపెడతారు, పెట్టాలి కూడా. అక్కడ ఆగి చూడడం ప్రాణం మీదికి తెస్తుంది. జలుబులో ఆగడం ఎంత సరైనదో, ఊపిరి వేగం పెరిగాక ఆగకపోవడం అంత సరైనది. ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కొంత సాయపడుతుంది. దగ్గుతో వచ్చిన పెద్దవాళ్ళలో అది లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపుంటే యాంటీబయాటిక్ వద్దని, 100 దాటితే ఇవ్వమని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పాయి. మధ్యలో ఉంటే డాక్టరు వివేకమే దారి. ఏ పరీక్ష అయినా మనిషిని చూశాక చేసేది, మనిషికి బదులు చేసేది కాదు. మన ఊళ్ళలో ప్రతి జ్వరానికీ వైడాల్ పరీక్ష చేసి, పాత టీకానో పాత జబ్బునో చూపే ఆ సంఖ్య పట్టుకుని "టైఫాయిడ్ కలిసింది" అంటూ సూదులు మొదలుపెట్టడం చూస్తుంటే నా ఒళ్ళు మండుతుంది. పరీక్షలు చేయడం నా వృత్తి. పరీక్షను ఇలా వాడడం పరీక్షకే అవమానం.

"ముందు జాగ్రత్తకు వేస్తే పోయేదేముంది?" అని నన్ను చాలామంది అడిగారు. అడిగేవాళ్ళను నేను తప్పుపట్టను. రోజుకూలీకి రెండు రోజులు పని పోతే ఆ వారం అప్పు. వానలో నెల్లూరుకు బస్సెక్కి, పొగతోటలో టోకెను తీసుకుని, సాయంత్రం దాకా కూర్చోవడం కన్నా మూడు మాత్రలు చవక. అర్ధరాత్రి మోటార్‌సైకిల్ మీద ఇంటికి వచ్చే ఆర్‌ఎంపీ, ఊరికి ఆ వేళప్పుడు దిక్కైన ఒకే ఒక మనిషి. అతను సూది వేయకుండా "ఆగి చూడండి" అంటే, మర్నాడు ఇంకొకరిని పిలుస్తారు. ఇవన్నీ నిజాలు. అయినా పోయేది చాలా ఉంది.

ఆరోగ్యంగా ఉన్న మనుషులకు అజిత్రోమైసిన్ ఇచ్చి, వాళ్ళ గొంతులోని స్ట్రెప్టోకాకస్‌లను గమనించిన బెల్జియం పరిశోధన ఒకటి 2007లో వచ్చింది. ఒక్క విడత మందుతోనే మొండికెత్తిన రకాలు పెరిగాయి, ఆరు నెలల వరకూ పోలేదు. ఎక్కడో ప్రయోగశాలలో కాదు, మింగిన మనిషి గొంతులోనే. ఆ ఆరు నెలల్లో ఆ మనిషికి నిజంగా మందు అవసరమైతే పరిస్థితి ఏమిటి? మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా 12.7 లక్షల మంది చనిపోయారని లెక్కగట్టారు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ జాగ్రత్తగా కాపాడుకుంటూ వాడాల్సిన మందుల వర్గంలో పెట్టింది. అమాక్సిసిలిన్ మొదట వాడదగిన వర్గంలో ఉంది. మన షాపుల్లో వరస తారుమారైంది.

ఇంకొక సంగతి మా కుటుంబంలోనే జరిగింది. మా చిన్నాన్న కొడుకు కావలిలో ఉంటాడు. దగ్గుకు ఒక చోట లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. నెమ్మదించింది. మళ్ళీ దగ్గు, మళ్ళీ అదే మందు. అలా మూడు నెలలు. ఆ మందు క్షయ క్రిమి మీద కొంత పనిచేస్తుంది. జబ్బును చంపదు, కనబడకుండా చేస్తుంది. చివరికి కళ్ళె పరీక్షలో క్షయ తేలేసరికి పన్నెండు కిలోలు తగ్గాడు, ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకు చేయించాల్సిన మొదటి పని కళ్ళె పరీక్ష, అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. వైరస్సా బాక్టీరియానా అని అడగడం మొదలుపెడితే, "ఏ బాక్టీరియా?" అనే తర్వాతి ప్రశ్న కూడా మనకు గుర్తొస్తుంది.

వైరస్ జలుబుకు మందు లేదంటే చేయడానికి ఏమీ లేదని కాదు. జ్వరానికి పారాసిటమాల్, పిల్లలకు బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో. మన వానాకాలంలో డెంగీ కూడా తిరుగుతుంది గనుక ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ జోలికి పోకూడదు. ముక్కు మూసుకుపోయిన పసిబిడ్డకు పాలిచ్చే ముందు సెలైన్ చుక్కలు వేస్తే తాగుతుంది. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు ఒక చెంచా తేనె రాత్రి దగ్గును తగ్గిస్తుంది, ఏడాది లోపు మాత్రం తేనె నాకించవద్దు. వేడివేడి మిరియాల చారు, గంజి, మజ్జిగ, ఏది తాగితే అది. దగ్గు సిరప్పుల విషయంలో పట్టుదలగా ఉండండి. 2025లో మధ్యప్రదేశ్‌లో కలుషితమైన సిరప్పు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపు వారికి అవి ఇవ్వవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఫ్లూకు మాత్రం వైరస్ మీదే పనిచేసే ఒసెల్టామివిర్ ఉంది. పెద్ద వయసు వారికి, గర్భిణులకు, ఆస్తమా, మధుమేహం ఉన్నవారికి మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఉపయోగం ఎక్కువ, అది డాక్టరు నిర్ణయం.

నివారణను రొయ్యల రైతుకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లలకు ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలల వయసులో వేసే న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. నిమోనియా తెచ్చే మరో బాక్టీరియాను ఆపే హిబ్ టీకా, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలోనే ఉంది. అమ్మకు ఇప్పుడు ఏటా ఫ్లూ టీకా వేయిస్తున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి మా ల్యాబు గోడ మీద, విబ్రియో లెక్కల చార్టు పక్కనే ఒక తెల్ల కాగితం అంటించాను. పెద్ద అక్షరాలతో మూడు వయసులు, మూడు అంకెలు: 60, 50, 40. కింద "పూర్తి నిమిషం లెక్కపెట్టండి" అని రాశాను. నీళ్ళ సీసాలతో వచ్చే రైతులు రిపోర్టు కోసం ఎదురుచూస్తూ దాన్ని చదువుతారు. కొందరు ఫోనులో ఫొటో తీసుకుంటారు. మొన్న నవంబరులో, కోడలికి మాత్రలు కొన్న ఆ రైతే మళ్ళీ వచ్చాడు. ఈసారి చెరువు బాగానే ఉంది, మామూలు నీటి పరీక్ష. కాగితం ముందు చాలాసేపు నిలబడి, పెదవులు కదుపుతూ అంకెలు చదువుకున్నాడు.

"సార్, ఇవన్నీ పిల్లలవే. మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమె అంకె ఏది?" అని అడిగాడు.

బల్ల మీది పెన్ను తీసుకుని, ఆ మూడింటి కింద 30 అని రాశాను.